నాన్న డ్రైవ్‌కి తాళం: తెనాలిలో నెల రోజుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు, శనివారం

అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు ఇక్కడి నుంచే ఆఫీసు పని చేసుకుంటానని చెప్పి హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చాను. చుక్కల మందుల చీటీ ప్రింటు తీయిద్దామని పొద్దున బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్లాను. "ఆ సిస్టమ్‌లో మెయిల్ ఓపెన్ చేసుకోండి మేడమ్" అన్నాడు షాపు కుర్రాడు. జీమెయిల్ కొడితే పాస్‌వర్డ్ అడగకుండానే ఇన్‌బాక్స్ వచ్చేసింది. పై మూల గుండ్రంలో ఉన్నది మా నాన్న ఫోటో.

నాన్న ఆ షాపుకి ఆఖరిసారి వెళ్లి మూడు నెలలైంది. పెన్షన్ కాగితమేదో ప్రింటు కావాలని వెళ్లి, పని చూసుకుని వచ్చేశాడు. సైన్ అవుట్ అనే మాట ఆయనకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పక్కనే ఉన్న గూగుల్ డ్రైవ్, నాన్న ఫైళ్లు దాచుకునే చోటు, నొక్కి చూశాను. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, పొలం పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు, అమ్మ డిశ్చార్జి సమ్మరీలు, తమ్ముడి పాస్‌పోర్టు. పోయినేడాది నేనే దగ్గర కూర్చుని ఇవన్నీ స్కాన్ చేయించాను. "ఇక ట్రంకు పెట్టె తిరగేయక్కర్లేదు నాన్నా, అన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయి" అని చెప్పింది కూడా నేనే.

సైన్ అవుట్ చేసి, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిచాను. నాన్నది అందులో ఉంది. "సేవ్ చేయమంటారా?" అని బ్రౌజర్ అడిగినప్పుడు ఎవరో సరే అని నొక్కేశారు. దాన్నీ తీసేశాను. కుర్రాడి మీద నాకేం అనుమానం లేదు. కానీ ఆ కుర్చీలో రోజుకి ఎంతమంది కూర్చుంటారో ఎవరు లెక్కపెట్టారు?

ఇంటికొచ్చి గూగుల్ ఖాతాలో 'మీ పరికరాలు' పేజీ చూస్తే తొమ్మిది వరుసలున్నాయి. నాన్న ఫోను, ఇంట్లో లాప్‌టాప్ నేను గుర్తుపట్టాను. ఒకటి తమ్ముడు డాలస్ తీసుకెళ్లిన పాత లాప్‌టాప్. మిగతా ఆరింటిలో ఏది ఎవరిదో ఆయనకే తెలియదు. అన్నిటినీ బయటికి పంపేసి పాస్‌వర్డ్ మార్చాను.

పాత పాస్‌వర్డ్ ఏమిటో రాయను గానీ, అందులో నాన్న పుట్టిన సంవత్సరం ఉంది. కరెంటు బిల్లు కట్టే యాప్‌లో, రైలు టికెట్ల దగ్గర, మెయిల్‌లో అదే పాస్‌వర్డ్. ఇది మా నాన్న ఒక్కడి అలవాటేమీ కాదు. 2012లో డ్రాప్‌బాక్స్ అనే ఇలాంటి క్లౌడ్ కంపెనీ నుంచి 6 కోట్ల 80 లక్షలకు పైగా ఖాతాల వివరాలు పోయినప్పుడు, దొంగలకి దారిచ్చింది అక్కడి ఉద్యోగి ఒకరు వేరే సైటులో కూడా వాడిన పాస్‌వర్డే. ఆ వివరాలు బజారులో తేలింది 2016లో. నాలుగేళ్లు ఎవరి చేతుల్లో తిరిగాయో!

రికవరీ నంబరు చూశాక మాత్రం నిజంగా టెన్షన్ వచ్చింది. అది నాన్న 2019లో వదిలేసిన సిమ్. మన దేశంలో మూసేసిన నంబరును 90 రోజులు దాటాక కొత్తవాళ్లకి ఇచ్చేయొచ్చు. ఆ నంబరు ఇప్పుడు ఎవరి జేబులో ఉందో వాళ్లకి, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే వచ్చే కోడ్ కూడా వెళుతుంది. నంబరు మార్చి, పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోకుండా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ట్రంకు పెట్టెలో వేశాను. తిరగేయక్కర్లేదని చెప్పిన పెట్టె మొదటిరోజే తెరవాల్సి వచ్చింది.

2వ రోజు, ఆదివారం

ఈ పూటకి ఒక్కటే పని: ఏ ఫైలు ఎవరికి కనపడుతోందో తేల్చడం.

డ్రైవ్‌లో ఒక్కో ఫైలు మీద నొక్కి షేరింగ్ చూసుకుంటూ పోతే వారం పడుతుంది. నాది అకౌంట్స్ ఉద్యోగం. షీట్స్‌లో చిన్నచిన్న స్క్రిప్టులు రాసుకునే అలవాటుంది. 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని ఉన్న ఫైళ్లనీ ఫోల్డర్లనీ వెతికి, పేరూ తేదీ షీట్‌లో రాసే యాప్స్ స్క్రిప్టు ఒకటి రాశాను. పదిహేను వరుసలు కూడా లేదు. నడిపితే ఇరవై మూడు వరుసలొచ్చాయి.

అందులో ఇరవై రెండు ఫైళ్లు. పెళ్లి శుభలేఖ, అపార్ట్‌మెంట్ మీటింగు నోట్సు, నాన్న రిటైర్మెంటు ఫోటోలు. వాటితో పెద్ద చిక్కు లేదు. ఇరవై మూడోది ఫోల్డర్. పేరు 'ఇల్లు'.

ఆ ఫోల్డర్ కథ ఇదీ. నాలుగేళ్ల కిందట గుంటూరు ఇంటికి అద్దెకొచ్చిన వాళ్లకి అగ్రిమెంటు పంపాలి. తమ్ముడు డాలస్ నుంచి ఫోనులో చెబుతుంటే నాన్న ఫోల్డర్ చేసి, లింకు తీసి, పంపాడు. 'ఎవరైనా' అనేది పెట్టమన్నది తమ్ముడే, లేకపోతే వాళ్లకి తెరుచుకోవట్లేదని. ఒక్క అగ్రిమెంటే కదా అనుకున్నారు. తర్వాత నాన్నకి ఆ ఫోల్డర్ బాగా అలవాటైపోయింది. ఇంటికి సంబంధించిన ప్రతి కాగితం 'ఇల్లు'లోనే పడేశాడు. ఇంటి పన్ను రసీదులు, దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఆఖరికి మా నలుగురి ఆధార్‌లు. "ఇంట్లోవాళ్లవే కదమ్మా" అన్నాడు అడిగితే.

ఫోల్డర్‌కి ఏ తలుపు తీస్తే లోపల పడే ప్రతి కాగితానికీ ఆ తలుపే తెరిచి ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఒక్కరి కోసం తీసిన తలుపు గుండా, నిన్న పెట్టిన కాగితం కూడా కనిపిస్తుంది. ఆ తలుపు కూడా 'చూడొచ్చు' అని కాదు, 'ఎడిటర్' అని ఉంది. అంటే లింకు ఉన్నవాళ్లు చూడటమే కాదు, మార్చేయొచ్చు కూడా.

లింకు ఊహించి కనుక్కునేది కాదు నిజమే, పొడుగాటి అక్షరాల గుత్తి. కానీ నాన్న దాన్ని పంపింది వాట్సాప్‌లో. అదీ పొరపాటున అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టి, ఆ తర్వాత అద్దెవాళ్లకి ఫార్వర్డ్ చేశాడు. గ్రూపులో ముప్పై ఎనిమిది మంది. వాళ్లలో ఇల్లు మారినవాళ్లున్నారు, ఫోను అమ్మేసినవాళ్లున్నారు.

"ఎవరెవరు చూశారో తెలుస్తుందా?" నాన్న అడిగాడు.

తెలియదు. మామూలు ఖాతాలో ఎవరు మార్చారో, ఎవరు షేర్ చేశారో కనపడుతుంది గానీ, లింకుతో వచ్చి ఊరికే చూసి వెళ్లినవాళ్ల జాడ ఉండదు. ఆ సమాధానం ఆయనకి నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

లింకు మూసేశాను. మిగతా ఇరవై రెండింటిలో శుభలేఖ, రిటైర్మెంటు ఫోటోలు ఉంచేసి అన్నిటికీ మూసేశాను.

సాయంత్రం టీ తాగుతూ నాన్న మళ్లీ అందుకున్నాడు. "దస్తావేజు చూసి ఎవడేం చేస్తాడే? పొలం ఎత్తుకుపోతాడా?"

దస్తావేజులో వేలిముద్రలుంటాయి కదా నాన్నా అన్నాను. 2018లో తెలంగాణలో బయటపడిన కేసు చెప్పాను. ఆన్‌లైన్‌లో దొరికే రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసి, వాటికి రబ్బరు నకళ్లు చేసి, ఊరివాళ్ల పేర్ల మీద సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. ఆధార్ నంబరూ వేలిముద్రా ఉంటే చాలు, మైక్రో ఏటీఎం దగ్గర ఖాతాలోంచి డబ్బు తీయొచ్చు. ఓటీపీ అడగరు. మా 'ఇల్లు' ఫోల్డర్లో ఆధార్ ఒక వరుసలో, వేలిముద్ర దాని కింది వరుసలో ఉన్నాయి.

నాన్న కాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు.

అప్పటికప్పుడు ఎంఆధార్ యాప్‌లో ఇద్దరి బయోమెట్రిక్స్ లాక్ చేశాను. ఒక తిప్పలుంది. లాక్‌లో ఉంటే వేలిముద్రే కాదు, ముఖం చూపించే పద్ధతి కూడా పనిచేయదు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేరోజు ముందుగా అన్‌లాక్ చేసుకోవాలి. పది నిమిషాల్లో అదే మళ్లీ లాక్ అయిపోతుంది. క్యాలెండరు వెనక రాసి పెట్టాను.

5వ రోజు, బుధవారం

ఆఫీసు పని ఎక్కువైంది, అరగంటే దొరికింది. నాన్న ఖాతాకి ఏయే యాప్‌లు తగిలించి ఉన్నాయో చూశాను. పదకొండు. పీడీఎఫ్ సైజు తగ్గించే సైటు ఒకటి, 'మీ డ్రైవ్‌లోని అన్ని ఫైళ్లను చూడటం, మార్చడం, సృష్టించడం, తొలగించడం' అనే అనుమతితో కూర్చుని ఉంది. ఒక్క పీడీఎఫ్ తగ్గించడానికి ఇంటి తాళంచెవుల గుత్తే ఇచ్చేశాడు. పదకొండూ పీకేశాను. అప్పటికే వాళ్లు తీసుకున్నదేమైనా ఉంటే దానికి ఈ పీకుడు పనికిరాదు.

ఫోనులో స్కానర్ యాప్ వేరే కథ. స్కాన్ చేసిన ప్రతిదీ సొంత సర్వర్‌కి ఎక్కించుకుంటుంది. డిఫాల్టే అది. అందులో ఖాతా తెరిచి, కాగితాలు తుడిచి, ఖాతా కూడా మూయించి, యాప్ తీసేశాను. ఇక స్కానింగు డ్రైవ్ యాప్‌లోనే.

8వ రోజు, శనివారం

తమ్ముడితో గంట సేపు వీడియో కాల్. వాడి వాదన: "అక్కా, గూగుల్ ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచుతుంది. నువ్వు చేసే పని లాకర్లో ఇంకో లాకర్ పెట్టడం."

నిజమే, ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనివాళ్లకి అర్థంకాకుండా మార్చి, ఉంచుతుంది. కానీ తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే. బయటి దొంగ డిస్కు ఎత్తుకుపోతే ఏమీ కనపడదు. కంపెనీ చూడాలనుకుంటే, కోర్టు ఆర్డరొస్తే, లేదా మన పాస్‌వర్డ్ ఎవరికైనా దొరికితే అంతా కనపడుతుంది. 2011 జూన్‌లో ఒకరోజు డ్రాప్‌బాక్స్‌లో దాదాపు 4 గంటలు ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఖాతా తెరుచుకుంది. లోపల ఎన్‌క్రిప్షన్ ఉంది, ఉండి ఏం లాభం?

ఇంకో సంగతి కూడా వాడికి చెప్పాను. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, చంటిపిల్లాడి మర్మావయవం వాచిందని డాక్టరుకి పంపడానికి ఫోటో తీశాడు. ఫోను దానంతటదే గూగుల్ క్లౌడ్‌కి ఎక్కించింది. గూగుల్ యంత్రం దాన్ని పిల్లలపై అఘాయిత్యం ఫోటోగా పట్టుకుంది, ఖాతా మూతపడింది. పోలీసులు విచారించి తప్పేమీ లేదని తేల్చారు. ఖాతా మాత్రం తిరిగి రాలేదు. ఏళ్ల తరబడి మెయిల్, ఫోటోలు అన్నీ పోయాయి. అలాంటి ఫోటోలని వెతకడం తప్పని నేననను, వెతకాల్సిందే. కానీ ఒకే ఖాతాలో బతుకంతా పెట్టుకుంటే ఇలాంటి పొరపాటుకి కట్టే మూల్యం అది.

యాపిల్‌లో అయితే ఐక్లౌడ్‌కి మన దగ్గరే తాళంచెవి ఉండే ఏర్పాటు 2022 డిసెంబరు నుంచి ఉంది. పేరు అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్. బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడితో 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కంపెనీ ఇచ్చిన తాళం కంపెనీయే తీసేయగలదన్నమాట. పైగా మా ఇంట్లో ఉన్నవన్నీ ఆండ్రాయిడ్లే.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. పండగ ఫోటోలు, వంటల వీడియోలు, శుభలేఖలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. ఆధార్, పాన్, లైసెన్సు సొంత స్కాన్‌లు డ్రైవ్‌లోంచి తీసేస్తాం. డిజిలాకర్‌లో ప్రభుత్వం జారీచేసిన కాపీ ఉండగా మనం తీసిన వంకర ఫోటో ఎందుకు? ఇక దస్తావేజులు, ఆసుపత్రి కాగితాలు, పాస్‌పోర్టులు, పన్ను రిటర్నులు. వీటిని మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసి, తర్వాత డ్రైవ్‌కి ఎక్కించాలి.

డిజిలాకర్ మీదా నాకు గుడ్డి నమ్మకం లేదు. 2020లో దాని సైన్ ఇన్‌లో లోపం బయటపడి సరిచేశారు. కానీ ఆ సమాచారం ఎలాగూ ప్రభుత్వం దగ్గర ఉన్నదే. ఇంకో చోట ఇంకో కాపీ మనం కొత్తగా పుట్టించట్లేదు.

9వ రోజు, ఆదివారం

దేన్నీ కదిలించేముందు మొత్తం ఒకసారి దించుకోవాలి. గూగుల్ టేకౌట్‌లో నాన్న ఖాతా మొత్తానికి ఆర్డర్ పెట్టాను. 15 జీబీ ఉచిత కోటాలో 14 దాటింది కాబట్టి 2 జీబీ చొప్పున జిప్ ముక్కలు వచ్చాయి. ఐదో ముక్క దిగుతుంటే కరెంటు పోయింది. మళ్లీ మొదలు. వారంలోగా దించుకోకపోతే లింకులు గడువు తీరిపోతాయి, అదొక తొందర.

విప్పి చూస్తే ఫోటోల తేదీలు గల్లంతు. ప్రతి ఫోటో పక్కనా దాని వివరాలు రాసిన జేసన్ అనే చిన్న ఫైలు ఉంటుంది, కొన్నిటి తేదీ, స్థలం అందులో ఉండిపోతాయి. అమ్మ షష్టిపూర్తి ఫోటోలు ఇవాళ్టి తేదీతో కనపడ్డాయి. అవి సర్దడం ఈ ప్రాజెక్టులో కలపను. కలిపితే ఇది దసరాకి కూడా తెమలదు.

2019 నవంబరులో నాలుగైదు రోజులు ఇదే టేకౌట్‌లో తప్పు జరిగి, కొందరి గూగుల్ ఫోటోస్ వీడియోలు వేరేవాళ్ల జిప్పుల్లోకి వెళ్లిపోయాయి. ఆ సంగతి గుర్తుండి, అన్ని ముక్కలూ తెరిచి చూశాను. మనవే. ఒక వీడియోలో తమ్ముడు ఏడో తరగతిలో పద్యం అప్పజెబుతూ మధ్యలో మర్చిపోయి ఏడ్చేశాడు. అది వాడికి పంపాను. ఇంతవరకు జవాబు లేదు.

15వ రోజు, శనివారం

క్రిప్టోమేటర్ రోజు. జర్మనీవాళ్లు చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. కంప్యూటర్లో ఉచితం. ఆండ్రాయిడ్ యాప్‌కి మాత్రం ఒకసారి డబ్బు కట్టాలి, కట్టాను. పని తీరు తేలికే. డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఒక 'వాల్ట్' చేస్తుంది. పాస్‌వర్డ్ కొడితే అది కంప్యూటర్లో మామూలు డిస్కులా కనపడుతుంది. అందులో పడేసిన ఫైలు ఎన్‌క్రిప్ట్ అయ్యాకే డ్రైవ్‌కి వెళుతుంది. గూగుల్‌కి చేరేది అర్థంకాని ముద్ద.

నాన్న ఫోనులో డ్రైవ్ తెరిచి ఆ ముద్ద చూపించాను. 'డి' అని ఒక ఫోల్డర్, దాని లోపల రెండక్షరాల ఫోల్డర్లు, వాటి లోపల పొడుగాటి పిచ్చి పేర్లు.

"ఇదేంటే, నా తలరాతలా ఉంది!"

ఫైలు పేరు, లోపలి విషయం ఎవరికీ కనపడవు. ఎన్ని ఫైళ్లున్నాయి, ఒక్కోటి ఇంచుమించు ఎంత సైజు, ఎప్పుడు మార్చాం అనేవి మాత్రం కనపడతాయి. మా అవసరానికి అది చాలు.

పాస్‌వర్డ్ దగ్గర చాలాసేపు పట్టింది. నాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు, ఏదో పద్యపాదం పెట్టేద్దామన్నాడు. వేమన పద్యం రాని దొంగ ఉంటాడా నాన్నా అన్నాను. చివరికి ఒకదానితో ఒకటి పొంతన లేని ఐదు మాటలు తీసుకున్నాం. నిఘంటువు కళ్లు మూసుకుని తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న మాట. మొదటిసారి వేలు పడిన మాట చూసి అమ్మ నవ్వి, అది వద్దంది. వద్దని ఏరుకుంటే లాటరీ కాకుండా పోతుందని చెప్పినా వినలేదు. అందుకే ఇంకో మాట కలిపి ఆరు చేశాను.

అసలు సంగతి రికవరీ కీ. పాస్‌వర్డ్ మర్చిపోతే వాల్ట్ తెరవడానికి 44 ఇంగ్లీషు మాటల వరుస ఇస్తుంది. అది కూడా పోతే ఇక ఎవరూ తెరవలేరు. కంపెనీకి ఫోను చేస్తే తీసిపెట్టడం ఉండదు, వాళ్ల దగ్గర తాళంచెవే లేదు. ఇంట్లో ప్రింటరు లేదు. "షాపులో ప్రింటు తీయించుకొస్తా ఉండు" అని నాన్న చెప్పులు వేసుకుంటుంటే ఇద్దరం ఒకేసారి ఆగి నవ్వుకున్నాం.

నేను చదువుతుంటే నాన్న రాశాడు. బోర్డు మీద రాసిన చెయ్యి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంగ్లీషు మాటలు మాత్రం ఆయన విన్నట్టు రాశాడు. రాసినంత మాత్రాన నమ్మకూడదని, ఆ కాగితం చూసి కొత్త పాస్‌వర్డ్ పెట్టడానికి ప్రయత్నించాను. 'చెల్లదు' అంది. పందొమ్మిదో మాటలో 'ఇ' బదులు 'ఎ' పడింది. దిద్దాక ఒప్పుకుంది. ఆ ఒక్క అక్షరం ఏ పదేళ్ల తర్వాతో, నేను కూడా దగ్గర లేనప్పుడు తేలి ఉంటే!

16వ రోజు, ఆదివారం

నిన్న రాత్రి తొందరపడ్డాను. వాల్ట్‌లోకి 412 ఫైళ్లు లాగేశాను, 1.1 జీబీ. 'కాపీ అయింది' అనగానే డ్రైవ్‌లో పాత ఫోల్డర్లన్నీ డిలీట్ కొట్టి, లాప్‌టాప్ మూత వేసి పడుకున్నాను.

పొద్దున నాన్న ఫోనులో వాల్ట్ తెరిచి అమ్మ స్కాన్ రిపోర్టు నొక్కితే తెరుచుకోలేదు. లెక్కపెడితే 375 ఉన్నాయి. ముప్పై ఏడు లేవు.

కాళ్లు చల్లబడ్డాయి. తర్వాత ఆలోచిస్తే తేలిక. కాపీ అయింది నా లాప్‌టాప్ వరకే, క్లౌడ్‌కి ఎక్కడం ఇంకా నడుస్తుండగా మూత వేశాను. లాప్‌టాప్ తెరవగానే మిగతావి ఒక్కొక్కటే ఎక్కాయి. ఒకవేళ ఎక్కకపోయినా డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, పైగా టేకౌట్ జిప్పులు ఉండనే ఉన్నాయి. అయినా సరే, ఆ ఇరవై నిమిషాలు అమ్మ దగ్గరికి వెళ్లి మాట్లాడలేకపోయాను. అమ్మ ఏమైందే అంటే ఏం లేదన్నాను.

412 లెక్క రెండు చోట్ల సరిపోయాకే చెత్తబుట్ట ఖాళీ చేశాను.

ఇంకో కాపీ ఇంట్లో ఉండాలి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జి-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు, బయట ఎక్కడా బ్యాకప్ లేదు. అంత టెక్నాలజీ ఉన్న దేశంలోనే అలా జరిగింది. రెండు హార్డ్ డిస్కులు కొని వాల్ట్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేశాను. ముద్దలాగే ఉంటుంది కాబట్టి డిస్కు పోయినా భయం లేదు. ఒకటి ట్రంకు పెట్టెలో, ఇంకోటి గుంటూరులో పిన్ని బీరువాలో. పిన్నికి పాస్‌వర్డ్ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. "నగల పక్కన పెట్టానే" అంది.

టేకౌట్ జిప్పులు ఇంకా తాళం లేకుండా నా లాప్‌టాప్‌లో ఉన్నాయని రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది. ఫోటోల ముక్కలు ఉంచి మిగతావి తుడిచేశాను.

19వ రోజు, బుధవారం

వాట్సాప్. ఇన్నాళ్లూ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. నాన్న ప్రతి కాగితం మాకెవరికో ఒకరికి వాట్సాప్‌లో పంపాడు. ఆ చాట్‌లన్నీ రోజూ తెల్లవారుజామున గూగుల్ ఖాతాకి బ్యాకప్ అవుతున్నాయి. చాట్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, అంటే పంపినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ తప్ప కనపడదు గానీ బ్యాకప్‌కి మనం విడిగా ఆన్ చేసుకోవాలి. 2021 అక్టోబరు నుంచి ఆ వీలుంది, మా ఇంట్లో ఎవరూ చేయలేదు. నాన్నదీ నాదీ చేశాను. అమ్మకి ఇంకా కళ్లద్దాలు రాలేదు, ఆమె ఫోను తర్వాత.

22వ రోజు, శనివారం

తమ్ముడికి గుంటూరు ఇంటి దస్తావేజు కావాలట, పవర్ ఆఫ్ అటార్నీ రాయించడానికి. వాల్ట్ ఫోల్డర్ వాడి మెయిల్‌కి మాత్రమే షేర్ చేసి, పాస్‌వర్డ్ ఫోనులో మాటగా చెప్పాను. రాసి పంపలేదు. అక్కడ రాత్రి పదిన్నర. క్రిప్టోమేటర్ వేసుకోవాలి, ఆరు మాటలు కొట్టాలి. మూడుసార్లు తప్పు కొట్టాడు.

"ఒక పీడీఎఫ్ కోసం ఇంత తతంగమా అక్కా? ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు."

వాడి విసుగులో న్యాయముంది. క్లౌడ్ సుఖమంతా పోయింది. వెతికితే దొరకదు, ప్రివ్యూ రాదు, ఇద్దరం ఒకేసారి తెరిచి మారిస్తే కాపీలు గొడవపడతాయి. అందుకే వాల్ట్‌ని చిన్నగా ఉంచాను. 14 జీబీలో అది ఒక్క జీబీ పైచిలుకు. నెలకోసారి కావాల్సిన కాగితానికి ఈ తతంగం భరించొచ్చు. రోజూ కావాల్సినవి అందులో పెడితే నాన్న రెండో వారానికే మళ్లీ 'ఇల్లు' అని కొత్త ఫోల్డర్ తెరుస్తాడు.

నాలుగోసారికి తెరుచుకుంది. వాడి ముఖం వెలిగింది, కానీ ఒప్పుకోడు.

23వ రోజు, ఆదివారం

గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. ఇన్ని నెలలు ఖాతా వాడకపోతే ఫలానా వాళ్లకి తెలియజేసి, ఫలానావి ఇవ్వమని ముందే రాసి పెట్టొచ్చు. అది పెట్టకపోయినా రెండేళ్లు ఖాతా ముట్టుకోకపోతే గూగుల్ తీసేయొచ్చు, 2023 డిసెంబరు నుంచి ఆ పద్ధతి అమల్లోకి వచ్చింది.

దీని గురించి నాన్నతో మాట్లాడటానికి రెండు రోజులుగా వాయిదా వేస్తున్నాను. పేపరు చదువుకుంటుంటే పక్కన కూర్చుని, ఫోను ముందుపెట్టి, "ఎన్ని నెలలు పెట్టమంటావు?" అన్నాను.

ఆయన అద్దాలు సర్దుకుని స్క్రీను మీద ఉన్నదంతా నిదానంగా చదివాడు.

"నేను పోయాక అన్నమాట."

నేనేం అనలేదు.

"మూడు నెలలు పెట్టు. నెల మాసికాలయ్యేదాకా ఎటూ మీకు తీరిక ఉండదు." అని పేపరు తిప్పుకున్నాడు. ఒక నిమిషం ఆగి, "ఆ 44 మాటల కాగితం ట్రంకు పెట్టెలో పంచాంగాల కింద పెట్టాను. మీ అమ్మకి కూడా చెప్పు" అన్నాడు.

27వ రోజు, గురువారం

రేపు హైదరాబాద్ వెళ్లాలి. బ్యాంకువాళ్లు ఆధార్ జిరాక్స్ అడిగారని నాన్న పొద్దున్నే బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. మాస్క్‌డ్ ఆధార్ దించుకున్నాం, నంబరులో చివరి నాలుగంకెలే కనపడతాయి. బ్యాంకు ఒప్పుకుంటే సరి, లేకపోతే చూద్దాం. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాం. మెయిల్ తెరవకూడదని దారి పొడుగునా నాన్న నాకే గుర్తుచేశాడు.

షాపులో కుర్రాడు పెన్‌డ్రైవ్ తీసుకోలేదు. "వైరస్ వస్తంది మాస్టారూ, ఈ నంబరుకి వాట్సాప్ చేసెయ్యండి." అతని భయం అతనికుంది, కాదనలేం. నాన్న నా వైపు చూశాడు. సరే అన్నాను. పంపాడు. ప్రింటు వచ్చింది, ఐదు రూపాయలు.

"బాబూ, ఆ ఫైలు తీసెయ్" అన్నాడు నాన్న.

కుర్రాడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. మాది పైన ఉంది. దాన్ని తీసేశాడు. దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. ఆధార్‌లు, రేషను కార్డులు, మార్కుల జాబితాలు, ఎవరిదో ప్రసవం డిశ్చార్జి సమ్మరీ. స్క్రోల్ చేస్తున్నాడు, అయిపోవట్లేదు.

"ఇవన్నీ కూడా తీసేయొచ్చుగా బాబూ?"

"తీసేస్తే మళ్లీ నన్నే అడుగుతారండీ మాస్టారూ. మొన్న ఇచ్చాను కదా, దాన్నే ఇంకో కాపీ కొట్టు అంటారు. ఇక్కడ ఉంటుందనే కదా వస్తారు."

నాన్న ఏదో అనబోయి ఆగిపోయాడు. వెనక ఒకాయన పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు, తన వంతు కోసం. ఆయన చేతిలోని ఫోనులో అప్పటికే వాట్సాప్ తెరిచి ఉంది.